కొన్న పాత కారు మధ్యాహ్నం పూట మాత్రమే ఆగిపోతోంది, కారణం పట్టుకునేది ఎలా?

పానగల్లు_బాటసారి
సంక్రాంతి పోయిన తరువాత ఒక మధ్యవర్తి ద్వారా ఏడేళ్ల పాత పెట్రోలు కారు కొన్నాను. మీటరు 60,000 కిలోమీటర్లు దాటింది. నల్లగొండ నుంచి హైదరాబాదుకు తరచుగా వెళ్లిరావలసిన ఉద్యోగం నాది. చలికాలమంతా ఏ ఇబ్బందీ పెట్టని బండి, ఎండలు ముదిరినప్పటి నుంచి నడుస్తూ నడుస్తూనే ఆగిపోతోంది. ఆగే ముందు జర్కు ఉండదు, పికప్ తగ్గదు. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. పాటలు మాత్రం వస్తూనే ఉంటాయి, ఏసీ ఫ్యాను కూడా తిరుగుతూనే ఉంటుంది. చెక్ ఇంజిన్ దీపం వెలగదు. తాళం తిప్పితే సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది గాని ఇంజను అందుకోదు. తలుపులు తీసి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగితే, ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది.

ఒక మెకానిక్ థ్రాటిల్ బాడీ శుభ్రం చేసి ప్లగ్గులు మార్చాడు. ఇంకొకరు పెట్రోలు పంపు మార్చమన్నారు. కంపెనీ వర్క్‌షాపులో స్కానర్ పెట్టి, కోడ్ ఏదీ లేదు కాబట్టి లోపం లేదని కాగితం రాసిచ్చారు. మా నాన్నగారిని నెలనెలా వైద్య పరీక్షలకు ఈ బండిలోనే తీసుకెళ్తాను. పంతంగి టోల్‌గేటు దగ్గర లారీల మధ్య ఆగిపోయిన రోజున ఆయన ముఖం చూడలేకపోయాను. సామాన్లు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోకుండా అసలు కారణాన్ని పట్టుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

మిర్యాల_మిల్లు
ఇది పెట్రోలు పంపే. పంపు ట్యాంకులో మునిగి ఉంటుంది, దాని మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ట్యాంకు అడుగంటే దాకా నడిపే అలవాటు ఉన్నవారి బండ్లలో పంపు త్వరగా అరుగుతుంది, వేడెక్కగానే మొండికేస్తుంది, చల్లారితే మళ్లీ పనిచేస్తుంది. మా మిల్లు బండ్లలో ఒకదానికి ఇదే జరిగింది. పంపు మార్చిన తరువాత మళ్లీ ఆగలేదు.

పాలమూరు_పానా
పంపు కావచ్చునేమో గాని, బాటసారి గారు చెప్పిన లక్షణాలు అటు చూపడం లేదు. పెట్రోలు అందక ఆగే బండి చెప్పి ఆగుతుంది. ముందుగా పికప్ తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గుంజుతుంది, రెండు మూడు జర్కులు ఇస్తుంది, ఆ తరువాతే ఆగుతుంది. పైపులో మిగిలిన ఒత్తిడి ఒక్క క్షణంలో పోదు కదా. చెప్పకుండా, దీపం ఆర్పినట్టుగా ఆగిందంటే ముందు కరెంటు వైపు చూడాలి.

మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఇలాంటి బండి వస్తే నేను మొదట అనుమానించేది క్రాంక్ సెన్సారును. ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు, క్రాంక్ షాఫ్ట్, ఏ స్థానంలో ఉందో, ఎంత వేగంగా తిరుగుతోందో ఇంజనును నడిపించే కంప్యూటరుకు, అంటే ఈసీయూకు, చెప్పేది అదే. ఆ సంకేతం అందకపోతే స్పార్కు ఎప్పుడివ్వాలో, ఇంజెక్టరు ఎప్పుడు తెరవాలో ఈసీయూకు తెలియదు కనుక రెండింటినీ ఆపేస్తుంది. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా పడిపోవడం కూడా దానికి సరిపోతుంది. సెన్సారు లోపలి సన్నని తీగచుట్టలో చీలిక ఉంటే, వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. కొన్నిసార్లు ఈ సెన్సారు లోపాన్ని చెప్పే పీ0335 కోడ్ నమోదవుతుంది, కొన్నిసార్లు ఏ కోడూ పడదు.

అయినా ఇప్పుడే సెన్సారు కొనకండి. వచ్చి పోయే లోపాన్ని అది లేనప్పుడు వెతికితే దొరకదు, వర్క్‌షాపులో దొరకకపోవడానికి కారణం అదే. స్టీరింగు కింద, మెకానిక్‌లు స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్టులో పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టరు ఒకటి తెచ్చుకోండి. ఫోనులోని యాప్‌లో ఆర్‌పీఎం, కూలెంట్ ఉష్ణోగ్రత, బ్యాటరీ వోల్టేజి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు (పెట్రోలును ఈసీయూ ఎంత శాతం పెంచి తగ్గించి సర్దుతోందో చెప్పే అంకెలు) నిరంతరం రికార్డయ్యేలా పెట్టి నడపండి. ఆగిన క్షణంలో ఏ అంకె ఏమైందో చూస్తే సగం పని అయిపోతుంది. ఈలోగా ఇంకొక సంగతి గమనించి చెప్పండి. బండి ఆగిపోయిన తరువాత తాళం ఆన్ చేసినప్పుడు, వెనుక సీటు కింద పంపు రెండు సెకన్ల పాటు గుర్రుమనే చప్పుడు వస్తోందా, లేదా?

దిండి_కట్ట
ఏ భాగమూ మార్చనక్కరలేదు, బంకులో పోసేదే మారింది. ఏడేళ్ల బండి అంటే 20 శాతం ఇథనాల్‌కు తగినట్టు తయారైనది కాదు. నా బండికి మైలేజీ తగ్గింది, ఉదయం స్టార్టు కావడానికి సతాయిస్తోంది. వేసవిలో ఇంధనం పైపులోనే ఆవిరి కట్టి ఇంజను ఆగిపోతుందని మా ఊళ్లో అందరూ అంటున్నారు.

వైరు_విద్య
దిండి_కట్ట గారి ఆవేదన నిజమే. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్లు 10 శాతం ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మైలేజీ తగ్గడం కూడా సహజమే, ఎందుకంటే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికంటే తక్కువ. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అందుకే మిశ్రమంలో ఇథనాల్ పెరిగినకొద్దీ ఈసీయూ ఇంజెక్టరును కొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ సర్దుబాటు లాంగ్ టర్మ్ ట్రిమ్‌లో కనిపిస్తుంది. ఇథనాల్ పాత ట్యాంకులోని మడ్డిని కదిలించి ఫిల్టరులోకి తెచ్చే మాట కూడా నిజం.

అయితే వీటిలో ఏదీ ఇంజనును ఒక్క క్షణంలో ఆపి, ఇరవై నిమిషాల తరువాత పూర్తి ఆరోగ్యంతో తిరిగి ఇవ్వదు. ఆవిరి కట్టే బాధ కార్బురేటరు బండ్లలో ఎక్కువ. ఇంజెక్షన్ బండిలో పైపులోని పెట్రోలు సుమారు మూడు నాలుగు బార్ల ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి అంత తేలికగా ఆవిరి కాదు. ట్రిమ్ అంకెలు వచ్చాక మాట్లాడుకుందాం.

దిండి_కట్ట
రబ్బరు పైపుల మాటేమిటి? పాత రబ్బరును ఇథనాల్ ఉబ్బిస్తుందని మీరూ ఒప్పుకోవాలి.

పాలమూరు_పానా
ఒప్పుకుంటాను. ఏడేళ్లు దాటిన బండికి పైపులు, ఓ-రింగులు ఒకసారి చూపించుకోవడం మంచిదే. అవి పాడైతే పెట్రోలు వాసన వస్తుంది, కారుతుంది. మధ్యాహ్నం మాత్రమే ఇంజను ఆగే లక్షణం వాటిది కాదు.

సూర్యాపేట_స్టీరింగ్
విజయవాడ దారిలో నిత్యం నడిపేవాడిని కాబట్టి నాకు వచ్చే మొదటి అనుమానం వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మా జిల్లా కోదాడలోనూ ఆ వానలకు కార్లు కొట్టుకుపోయాయి. మునిగిన బండ్లలో కొన్ని కడిగి, తుడిచి, మెరుగు పెట్టి అమ్మకానికి వస్తాయి. కనెక్టర్ల లోపల పచ్చగా తుప్పు పట్టి, కొన్నాళ్ల తరువాత ఇలాగే వచ్చి పోయే లోపాలు బయటపడతాయి. నంబరు తెలంగాణదే కదా అని ఊరుకోకండి. సీటు బెల్టును చివరి దాకా లాగి మట్టి మరక ఉందేమో చూడండి. ముందు సీట్ల పట్టాల కింద, స్టెప్నీ గుంటలో, కార్పెట్టు కింది నురుగు పొరలో ఒండ్రు నిలిచి ఉంటుంది. ఫ్యూజు డబ్బాలోని పిన్నుల రంగు కూడా చూడండి.

మక్తల్_మామిడితోట
ఇంత వెతుకులాట ఎందుకు? అమ్మినవారిని పిలిచి డబ్బు తిరిగి అడగండి.

పానగల్లు_బాటసారి
ఒక్కొక్కరికీ జవాబిస్తాను. బెల్టులు, కార్పెట్టు, స్టెప్నీ గుంట, ఫ్యూజు డబ్బా అన్నీ చూశాను, వరద జాడ ఎక్కడా లేదు. ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గనివ్వను. అడాప్టరు తెచ్చి పెట్టాను. ఇంజను మామూలుగా నడుస్తున్నప్పుడు లాంగ్ టర్మ్ ట్రిమ్ 5, 6 శాతం దగ్గర, వోల్టేజి 14కు అటూ ఇటూగా కనిపిస్తోంది. అమ్మిన వ్యక్తి ఫోను ఎత్తడం లేదు. బండి బదిలీ అయి నా పేరున ఆర్‌సీ వచ్చేసింది కాబట్టి ఆ దారిని ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

పాలమూరు_పానా గారు అడిగిన చప్పుడు గురించి: బాగున్నప్పుడు తాళం ఆన్ చేయగానే వెనుక నుంచి పంపు గుర్రుమంటుంది. ఆగిపోయినప్పుడు తాళం ఎన్నిసార్లు తిప్పినా ఆ చప్పుడు రాదు.

మిర్యాల_మిల్లు
పంపు చప్పుడు రావడం లేదంటే పంపు పనిచేయడం లేదనే కదా అర్థం. నేను మొదట్లో చెప్పినది ఇదే.

వైరు_విద్య
పంపు తిరగడం లేదన్నది నిజం. ఎందుకు తిరగడం లేదన్నదే తేలాలి. పంపు తనంతట తాను తిరగదు. ఈసీయూ ఆజ్ఞ ఇస్తే రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, మూసుకుంటుంది, రిలే ద్వారా కరెంటు అందితే పంపు తిరుగుతుంది. కూలీ పనికి రాలేదంటే ఒంట్లో బాగాలేకపోయి ఉండవచ్చు, మేస్త్రీ అసలు పిలవకపోయి కూడా ఉండవచ్చు. పంపు దగ్గరి కనెక్టరు విప్పి, తాళం ఆన్ చేసిన రెండు సెకన్లలో అక్కడికి 12 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటరుతో చూస్తే తేలిపోతుంది. వోల్టులు వచ్చి పంపు తిరగకపోతే మిల్లు గారి మాట నిజం. వోల్టులే రాకపోతే పంపు నిర్దోషి.

నల్లమల_నడక
నా అనుభవం చెబుతాను. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటిన తరువాత ఘాటులో నా బండి ఇలాగే ఆగింది. ఆ దారిలో రాత్రి తొమ్మిది తరువాత రాకపోకలు ఉండవు, ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు, కుటుంబమంతా బండిలో ఉన్నారు. బోనెట్టు ఎత్తి చల్లారనిచ్చి ఎలాగో అచ్చంపేట చేరాం. నా విషయంలో క్రాంక్ సెన్సారే కారణమని తేలింది. మెకానిక్ సెన్సారును విప్పి, హెయిర్ డ్రయ్యరుతో వేడి చేస్తూ మల్టీమీటరుతో దాని నిరోధం కొలిచాడు. వేడెక్కగానే అంకె అనంతానికి పోయింది, అంటే లోపలి తీగ తెగినట్టే. రెండు తీగల సెన్సారు అయితే ఈ పరీక్ష తేలిక. మూడు తీగల హాల్ రకం అయితే నిరోధం కొలిచి లాభం లేదు, సంకేతాన్నే చూడాలి.

పానగల్లు_బాటసారి
ఇప్పుడు రికార్డు చేతికి వచ్చింది. కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదట నల్లమల_నడక గారి పరీక్ష. మాది రెండు తీగల సెన్సారే. తెలిసిన మెకానిక్ ఎదుట విప్పించి వేడి చేసి కొలిపించాను. వేడికి నిరోధం కొద్దిగా పెరిగింది గాని తెగిపోలేదు, చల్లారాక మామూలు స్థాయికి వచ్చింది. దానినే తిరిగి బిగించాము.

తరువాత బండి రికార్డులో ఉండగా రెండు చోట్ల ఆగింది. ఒకటి, పంతంగి టోల్‌గేటుకు ముందు వేగం తగ్గించడానికి వేసిన గరుకు పట్టీల మీద. అప్పుడు కూలెంట్ 91 డిగ్రీలు. రెండోది నల్లగొండలోనే, గడియారం సెంటరులో. నాలుగు గంటలు ఎండలో అద్దాలు మూసి నిలిపిన బండిని తీసి, కిలోమీటరు కూడా వెళ్లకముందే ఆగింది. అప్పటికి కూలెంట్ 64 డిగ్రీలే. ఇంతకుముందు ఆగిన సందర్భాలను కూడా గుర్తు చేసుకున్నాను. తెల్లవారుజామున గాని రాత్రి గాని ఎప్పుడూ ఆగలేదు, ఎంత దూరం నడిపినా సరే.

ఇంకొక విచిత్రం ఉంది. ఆగిన క్షణంలో రికార్డులో ఆర్‌పీఎం సున్నా అని పడలేదు. ఆర్‌పీఎం, కూలెంట్, ట్రిమ్ అన్నీ ఒకేసారి రావడం మానేశాయి, గీత అక్కడితో తెగిపోయింది. మళ్లీ స్టార్టు అయ్యాకనే అంకెలు వచ్చాయి.

మిర్యాల_మిల్లు
చవక అడాప్టర్లు బ్లూటూత్ తెగిపోయి అలా చేస్తూనే ఉంటాయి. దాని మీద ఆధారపడి నిర్ణయం తీసుకోకండి.

పానగల్లు_బాటసారి
ఆ అనుమానం నాకూ కలిగింది. అందుకే ఫోను తెర మళ్లీ చూసుకున్నాను. అడాప్టరు దీపం వెలుగుతూనే ఉంది, ఫోనుతో కలిసే ఉంది. బ్యాటరీ వోల్టేజి ఒక్కటి మాత్రం రికార్డులో ఆగకుండా నడిచింది, 14 నుంచి 12.4కు దిగి అక్కడే నిలిచింది.

వైరు_విద్య
బాటసారి గారూ, మీ సమస్యకు తాళంచెవి ఇదే. ఎందుకో చెబుతాను.

ఓబీడీ సాకెట్టులో 16వ పిన్నుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంది, తాళంతో దానికి సంబంధం లేదు. అడాప్టరు ఆ పిన్ను మీదనే బతుకుతుంది, వోల్టేజిని కూడా ఆ పిన్ను దగ్గర తనే కొలుచుకుంటుంది. ఆర్‌పీఎం, కూలెంట్ వంటివి మాత్రం ఈసీయూను అడిగి తెచ్చుకుంటుంది. మీ రికార్డులో వోల్టేజి నడిచి మిగిలినవన్నీ ఒకేసారి ఆగాయి. అంటే బ్లూటూత్ బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది, అడాప్టరు అడుగుతూనే ఉంది, జవాబు చెప్పవలసిన ఈసీయూయే మౌనంగా ఉంది. వోల్టేజి 14 నుంచి 12.4కు దిగడం ఇంజను ఆగి ఆల్టర్నేటరు నిలిచిపోయినందువల్ల.

క్రాంక్ సెన్సారు పోయి ఉంటే ఈసీయూ మేలుకునే ఉండేది, ఆర్‌పీఎం సున్నా అని చెప్పేది, కూలెంట్ అంకె ఇస్తూనే ఉండేది. కాబట్టి ఈసీయూకే కరెంటు తెగిపోతోంది, లేదా దాని ఎర్తు తెగిపోతోంది. ఇప్పుడు మీ మొదటి టపా మళ్లీ చదవండి. చెక్ ఇంజిన్ దీపం వెలగదన్నారు. తాళం ఆన్‌లో ఉండి ఇంజను తిరగనప్పుడు ఆ దీపం తప్పకుండా వెలగాలి, మీ తరహా బండ్లలో దానిని వెలిగించేది ఈసీయూయే. పంపు గుర్రుమనకపోవడం, కోడ్ ఏదీ నమోదు కాకపోవడం కూడా ఇక్కడే కలుస్తాయి. కరెంటు లేని ఈసీయూ తనకు కరెంటు పోయిందని రాసుకోలేదు. వర్క్‌షాపు వారు కోడ్ లేదు కాబట్టి లోపం లేదనుకున్నారు. కోడ్ లేకపోవడం కూడా ఒక సాక్ష్యమే.

కూలెంట్ 64 డిగ్రీల దగ్గర ఆగడం అంతకంటే విలువైన సమాచారం. ఇంజను వేడే కారణమైతే ఊళ్లో కిలోమీటరు దూరంలో ఆగేది కాదు. ఎండలో మూసి ఉంచిన బండిలో అన్నింటికంటే ఎక్కువగా వేడెక్కేది డ్యాష్‌బోర్డు. టోల్‌గేటు పట్టీల మీద ఆగిందంటే అదురు కూడా తోడవుతోంది. వదులుగా ఉన్న అతుకో, అరిగిన రిలేనో, అది బోనెట్టు కింద కంటే క్యాబిన్ లోపల ఉండే అవకాశమే ఎక్కువ.

పాలమూరు_పానా
వైరు_విద్య గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఈ రికార్డు తరువాత క్రాంక్ సెన్సారును జాబితా నుంచి తీసేయవచ్చు. ముందుగా ఖర్చు లేని పని ఒకటి చేయండి. బోనెట్టు కింద ఫ్యూజు డబ్బాలో ఈసీయూ మెయిన్ రిలే ఉంటుంది. చాలా బండ్లలో హారను రిలే కూడా అదే రకం, పైన రాసిన నంబరు ఒకటే అయితే రెండింటినీ అటూ ఇటూ మార్చండి. ఇంజను ఆగడం మానేసి హారను మొరాయిస్తే రిలేదే దోషం. ఏమీ మారకపోతే తాళం వైపు నుంచి వచ్చే తీగను వెంబడించాలి. ఎర్తు కూడా చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ పిన్నుకు, ఇంజను దిమ్మకు మధ్య కొలిస్తే అర వోల్టు లోపే ఉండాలి.

సూర్యాపేట_స్టీరింగ్
పరీక్షల కోసం హైవే ఎక్కకండి అని వేడుకుంటున్నాను. ఇంజను ఆగిన తరువాత బ్రేకు బూస్టరులో మిగిలే శక్తి ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది, ఆ తరువాత పెడలు రాయిలా మారుతుంది. కాబట్టి పదేపదే తొక్కి వదలకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టి, నాలుగు దీపాలూ వేసి ఎడమ అంచుకు చేరాలి. 65వ జాతీయ రహదారి మీద ఆగితే 1033కు ఫోను చేయవచ్చు. నాన్నగారిని ఈ లోపం తేలే దాకా బస్సులోనో అద్దె బండిలోనో తీసుకెళ్లండి.

భువనగిరి_బోనెట్
ఎలుకల సంగతి ఎవరూ అడగలేదు. యాసంగి కోతల సమయంలో వడ్ల రాశుల పక్కన నిలిపిన బండ్లలో ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. డ్యాష్‌బోర్డు కిందకు కూడా వస్తాయి.

పానగల్లు_బాటసారి
దొరికింది.

రిలేలు మార్చి చూశాను, తేడా రాలేదు, హారను కూడా మొరాయించలేదు. ఎర్తు కొలిస్తే 0.15 వోల్టులు వచ్చింది, అంటే బాగున్నట్టే. అప్పుడు వైరు_విద్య గారు సందేశంలో చెప్పిన పద్ధతి పాటించాను. క్యాబిన్ ఫ్యూజు డబ్బాలో ఈసీయూకు ఇగ్నిషన్ కరెంటు ఇచ్చే ఫ్యూజు నెత్తి మీద కనిపించే లోహపు చుక్కకు ఒక తీగ తగిలించి, చిన్న టెస్టు ల్యాంపును డ్యాష్‌బోర్డు మీద కనపడేలా పెట్టాను. బండిని ఎండలో నిలిపి, మధ్యాహ్నం కాలనీ లోపలే తిప్పాను. ఇంజను ఆగిన క్షణంలోనే ల్యాంపు ఆరిపోయింది. ఫ్యూజు బాగానే ఉంది, ఫ్యూజుకు రావలసిన కరెంటే రావడం లేదు.

ఆటో ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిచి స్టీరింగు కింది ప్లాస్టిక్ విప్పించాను. తాళం దగ్గర నుంచి వచ్చే లావు తీగను ఎవరో మధ్యలో కోసి, రెండు కొసలకూ వేరే తీగలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. ఆ తీగలు కంపెనీ వైరింగులో లేని ఒక చిన్న నల్ల రిలేకు వెళ్తున్నాయి. దాని పక్కనే అగ్గిపెట్టె అంత పెట్టె ఒకటి టేపుతో కట్టి ఉంది. వేడికి టేపు జిగురు కారి, మెలిక దగ్గర రాగి నల్లబడింది. ఇంజను ఆగిన స్థితిలో రిలేను వేలితో తట్టగానే టెస్టు ల్యాంపు వెలిగింది.

వైరు_విద్య
అది జీపీఎస్ ట్రాకరు, దాని పక్కన ఉన్నది ఇంజన్ కట్ రిలే. అద్దెకు తిప్పే బండ్లకు, కొన్ని అప్పు మీద తీసుకున్న బండ్లకు వీటిని బిగిస్తారు. దూరం నుంచి సందేశం పంపితే రిలే తెరుచుకుని ఇంజను ఆగిపోతుంది. ఐదు పిన్నుల రిలేలో 30, 87ఏ అనే పిన్నుల మధ్య దారి మామూలుగా మూసి ఉంటుంది, ఆ దారి గుండానే మీ ఈసీయూకు ఇన్నాళ్లూ కరెంటు వెళ్తోంది. చవక రిలేలో ఆ కాంటాక్టు మీద స్ప్రింగు పట్టు తక్కువ. మెలిపెట్టిన అతుకులో నిరోధం పెరిగి వేడి పుడుతుంది, ఆ వేడికి ఎండ వేడి తోడైతే కాంటాక్టు వదులవుతుంది, గరుకు పట్టీ మీద అదిరితే తెగిపోతుంది. తలుపులు తీసి కాసేపు ఉంచితే క్యాబిన్ చల్లారి మళ్లీ కలుస్తుంది. మీరు ఇరవై నిమిషాలు ఆగినప్పుడు చల్లారినది ఇంజను కాదు, ఈ రిలే.

మక్తల్_మామిడితోట
దానిని పీకేయడానికి ముందు ఆర్‌సీలో హైపోథికేషన్ ఉందో లేదో చూడండి. ఫైనాన్స్ సంస్థ పేరు ఇంకా ఉంటే ట్రాకరు వారి సొత్తు కావచ్చు, అప్పు తీరలేదని అర్థం కూడా కావచ్చు. అప్పు తీరితే ఫారం 35తో ఆ పేరు తొలగిపోయి ఉండాలి.

పానగల్లు_బాటసారి
చూశాను. ఆర్‌సీలో ఎవరి పేరూ లేదు. కొనేటప్పుడు ఫారం 35 నకలు, అప్పు తీరినట్టు ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన పత్రం కూడా తీసుకున్నాను.

నల్లమల_నడక
కాంటాక్టు పాడైపోయి ఆగడం ఒక ఎత్తు. మీరు కొన్న తరువాత కూడా మీ బండి ఎక్కడుందో ఎవరికో తెలుస్తూ ఉండడం, దానిని ఆపగలిగే మీట ఎవరి ఫోనులోనో మిగిలి ఉండడం నాకు ఎక్కువ భయం కలిగించింది. అమ్మేవారు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

పాలమూరు_పానా
తీసేసేటప్పుడు మళ్లీ మెలిపెట్టి టేపు చుట్టనివ్వకండి. కోసిన రెండు కొసలనూ నల్లబడిన మేరకు కత్తిరించి, అదే మందం గల మంచి రాగి తీగ ముక్కతో కలిపి, క్రింపు చేయించండి లేదా టంకం పెట్టించండి, పైన హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి. బ్యాటరీ నెగెటివ్ విప్పిన తరువాతే పని మొదలుపెట్టాలి. ట్రాకరుకు విడిగా కరెంటు ఇచ్చే తీగ, ఎర్తు తీగ కూడా మొదలంటా తీయించండి, కొసలు గాలికి వదిలితే రేపు ఎక్కడో తగిలి ఫ్యూజు కొట్టేస్తుంది.

దిండి_కట్ట
ట్రాకరు ఉందో లేదో కొనే ముందే తెలుసుకోవడం ఎలా? మా తమ్ముడు వచ్చే నెలలో జడ్చర్లలో ఒక బండి చూడబోతున్నాడు.

వైరు_విద్య
స్టీరింగు కింద, గ్లవ్ బాక్సు వెనుక, ఓబీడీ సాకెట్టు చుట్టూ, ఫ్యూజు డబ్బా వెనుక టార్చి వేసి చూడమనండి. కంపెనీ వైరింగు ఒకే తీరుగా గుడ్డ టేపుతోనో ముడతల గొట్టంతోనో చుట్టి ఉంటుంది. మెరిసే నల్ల ప్లాస్టిక్ టేపు కనిపించిన ప్రతి చోటా ఎవరో చేయి పెట్టారని అర్థం. ఓబీడీ స్కానరుతో రెడీనెస్ మానిటర్లు, అంటే ఈసీయూ తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపే జాబితా, కూడా చూడమనండి. నిత్యం తిరిగే బండిలో అవి చాలావరకు పూర్తయి ఉండాలి. అన్నీ అసంపూర్తిగా ఉంటే బ్యాటరీ విప్పడమో, కోడ్లు చెరిపేయడమో ఈమధ్యే జరిగిందన్నమాట.

పానగల్లు_బాటసారి
పెట్టెను, రిలేను తీయించి తీగను పాలమూరు_పానా గారు చెప్పినట్టే కలిపించాను. ఆ తరువాత ఉద్దేశపూర్వకంగా మధ్యాహ్నం ఎండలో నిలిపి, కాలనీలో, ఆపైన మిర్యాలగూడ దాకా, చివరకు పంతంగి పట్టీల మీదుగా నడిపాను. ఇంజను ఆగలేదు, రికార్డులో గీత ఎక్కడా తెగలేదు. మార్చమన్న పంపు, కొనబోయిన సెన్సారు రెండూ పాతవే నడుస్తున్నాయి. అయినవి ఎలక్ట్రీషియన్ కూలి, తీగ ముక్క, అడాప్టరు ఖర్చులు మాత్రమే. మీరంతా సమయం పెట్టి రాసినందుకు నేనూ మా నాన్నగారూ రుణపడి ఉంటాము.

ఒక్క సందేహం మిగిలింది. ఇంతకుముందు బండిని నాలుగైదు రోజులు కదపకపోతే సెల్ఫ్ నీరసంగా తిరిగేది. దానికీ ఈ పెట్టెకూ సంబంధం ఉందా?

వైరు_విద్య
ఉండే అవకాశం బాగా ఉంది. ట్రాకరు తాళం తీసేసినా బ్యాటరీ నుంచి కరెంటు తాగుతూ ఉంటుంది. బండికి తాళం వేసి, లోపలి దీపాలన్నీ ఆరి అరగంట గడిచాక, నెగెటివ్ తీగకు వరుసలో మల్టీమీటరును యాంపియర్ల మీద పెట్టి కొలవండి. 50 మిల్లీయాంపియర్ల లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో చూసి ఇక్కడ రాయండి.